చస్తేనే పాస్

నేనేం ఉద్యోగం చేస్తానో నందికొట్కూరులో ఎవరికీ అర్థమయ్యేలా చెప్పలేకపోయాను. కంప్యూటర్‌ని నడిపించే అసలు ప్రోగ్రాముని కర్నెల్ అంటారు. మిగతా ప్రోగ్రాములు హద్దు దాటితే అక్కడికక్కడే చంపేయడం దాని పనుల్లో ఒకటి. నిజంగా చంపుతోందో లేదో చూడటానికి పరీక్షలుంటాయి. అవి కావాలని తప్పు చేసే చిన్న ప్రోగ్రాములు. చస్తే పాస్, బతికితే ఫెయిల్. పాత రకం ప్రాసెసర్ కోసం రాసిన ఆ పరీక్షల్ని కొత్త రకం ప్రాసెసర్‌కు మార్చి రాయడం నాకు అప్పగించారు. కంపెనీ బెంగళూరులో, నేను మా ఇంటి ముందుగదిలో. ఆ ప్రాసెసర్ ఉన్న బోర్డులు, రోగి నరంలోకి చుక్కచుక్కగా మందు ఎక్కించే యంత్రాల్లోకి వెళ్తాయని మొదటి రోజే చెప్పారు.

ఎనిమిది నెలలు పట్టింది. ఎండాకాలమంతా నాకొక ఫ్యాను, బోర్డుకొక ఫ్యాను. కరెంటు పోతే ఇద్దరమూ ఆగిపోయేవాళ్ళం.

ఒక శనివారం మధ్యాహ్నం తెర మీద వరసలన్నీ పచ్చగా వచ్చాయి, అంటే అన్నీ పాస్. వెంటనే రిపోర్టు పంపేశాను. మరునాడు చర్చిలో సాక్ష్యం చెప్పమన్నాడు నాయన. జబ్బు నయమైనా, బోరులో నీళ్ళు పడినా లేచి నిలబడి అందరి ముందూ దేవునికి వందనాలు చెప్పడం మా సంఘంలో అలవాటు. నాయన సంఘ పెద్ద, కాదనలేను. "దేవుని కృపతో నా పని ఏ తప్పూ లేకుండా పూర్తయింది" అన్నాను. బయట ఒక పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని, "ఏం పని చేస్తాండావో నాకు తెలీదు గానీ మే, నీ మొగంలో శానా కళ ఉండాది" అంది. ఉండే ఉంటుంది. అంత గర్వం నాకు అంతకుముందెన్నడూ లేదు.

సోమవారం చేసిన పని నేను శనివారమే చేయాల్సింది. పరీక్ష పాసయ్యాక కర్నెల్‌లోని రక్షణను కావాలని తీసేసి మళ్ళీ నడపాలి. అప్పుడు ఫెయిల్ కావాలి. కాకపోతే ఆ పరీక్ష గుడ్డిదన్నమాట. ఈ పని చేసేవాళ్ళకెవరికైనా తెలిసిన పద్ధతే. గెలిచిన ఆత్రంలో దాన్ని ఎగ్గొట్టాను. సోమవారం తీరిగ్గా, ముచ్చట కోసం, డేటా మాత్రమే ఉండాల్సిన చోట కోడు నడవనీయని రక్షణను తీసేసి నడిపాను. అన్నీ పచ్చగానే వచ్చాయి.

గంటలో కారణం దొరికింది. డేటా ఉండాల్సిన చోట కోడు నడపబోయే పరీక్షలు కొన్ని ఉన్నాయి. వాటిలోని ఆ కోడుముక్కను నేను పాత ప్రాసెసర్ భాషలోనే వదిలేశాను. కొత్త ప్రాసెసర్‌కు అది అర్థం కాలేదు. అర్థం కానిది ఎదురైతే ప్రోగ్రాము ఎలాగూ చస్తుంది. నా పరీక్ష చావును చూసిందే తప్ప, ఎందుకు చచ్చిందని అడగలేదు. దొంగ దారిలో కాలుజారి పడి చస్తే, కాపలావాడు భేష్ అని రాసి పంపాను.

ఆ ముక్కను సరైన భాషలో రాసి, రక్షణ పెట్టి నడిపాను. మూడు పరీక్షలు బతికిపోయాయి. అంటే ఆ బోర్డు మీద కాపలా లేదు. ఎవరైనా తలుచుకుంటే ఆ యంత్రంలోకి తమ కోడు ఎక్కించి నడిపించుకోవచ్చు. దాని గొట్టం ఒక మనిషి చేతికి తగిలించి ఉంటుంది. నాకు ఏడుపు ఆగలేదు.

మా టీమ్ లీడుకు ఫోన్ చేశాను. "సార్, నా రిపోర్టు తప్పు."

"నీ రిపోర్టు రాగానే బోర్డులు వెళ్ళిపోయాయమ్మా. ఇప్పుడు ఆపితే నా మీదికొస్తుంది. తర్వాతి వెర్షన్‌లో చూద్దాం."

"అందాకా?"

"అందాకా ఎవరూ చెప్పకపోతే ఎవరికీ తెలీదు."

ఆయన పైవాళ్ళకు మూడుసార్లు రాశాను. నమోదు చేసుకున్నామని ఒక ముక్క వచ్చింది, అంతే.

గురువారం మధ్యాహ్నం నాయన చేలోంచి వచ్చాడు. "ఏమాయ పాపా, అన్నం ముట్టలేదంట?"

"ఆదివారం నేను చెప్పింది తప్పు నాయనా."

"తెలిసి చెప్పినావా?"

"లేదు."

"అయితే దిద్దుకో. దాంట్లో ఏముండాది?"

"నేను పంపిన రిపోర్టును దిద్దనీయడం లేదు నాయనా."

ఆయన కాళ్ళు కడుక్కోవడం కూడా మరిచి అరుగు మీద కూర్చున్నాడు. "ఆ కాగితంలో నీ పేరుండాదా?"

"ఉంది. పరీక్షించినవారు అని."

"తప్పుడు కాగితంలో నీ పేరెందుకు పాపా? తీసేయమను."

నాకూ అదే న్యాయమనిపించింది. కనీసం నా పేరైనా తీసేయండని రాశాను. ఎనిమిది నెలల్లో వాళ్ళు అంత త్వరగా చేసిన పని మరొకటి లేదు. సాయంత్రానికల్లా కొత్త కాపీ వచ్చింది. 'పరీక్షలన్నీ పాస్' అన్న మాట అలాగే ఉంది. నా పేరు లేదు. ఇప్పుడు అది తప్పని నేనెక్కడికి వెళ్ళి చెప్పినా, నీకూ ఆ కాగితానికీ సంబంధమేమిటని అడుగుతారు.