సీసాలో రబ్బరు మొలక

నెలలు నిండకుండా పుట్టిన నా కూతురు పోయిందని వేలూరు ఆసుపత్రిలో నాకు మొదట చెప్పింది మా వదిన మంగమ్మ. "పేరు పెట్టని బిడ్డకు ఏడవకూడదమ్మా," అనింది. నేను ఏడవలేదు.

ఊరూరా ఎస్టీడీ ఫోను బూత్‌లు వస్తున్న రోజులవి. ఆసుపత్రి నుంచి ఇంటికి పోతా ఎక్కిన గుడియాత్తం బస్సులో నా పక్కన కూర్చున్నామె ఒడిలో చిన్న గాజుసీసా, అందులో పచ్చటి మొలక. కేరళలో రబ్బరు మొక్కలు పెంచే ల్యాబులో పనంట.

"గింజలో పిండం ముదరకముందే మొలిచేసిందమ్మా. వేరు రాలే. మట్టిలో పెడితే బతకదు."

"మరి యాడికి తీసుకపోతా ఉండావు?"

"పారెయ్యమన్నారు. చెయ్యి రాలే."

సీసాకు ఎండ తగలకుండా ఆమె కొంగు కప్పింది. అప్పుడొచ్చింది నాకు ఏడుపు. ఆమె నా చెయ్యి పట్టుకునింది.

ఆమెను నా పక్కన కూర్చోబెట్టిన స్వామికి రోజూ దండం పెట్టుకుంటాను. ఇది చదివే మీరు కూడా దీపం పెట్టేటప్పుడు, పేరు లేని నా కూతుర్ని ఒక్కసారి తలుచుకోండి.