మోరీ ఫొటోతో శుభోదయం

అమీర్‌పేటలో బట్టలు ఆల్టరేషన్ చేసే స్వరాజ్యం పొద్దున్నే షట్టర్ ఎత్తుతుంది, ఆ వెంటనే గల్లీ వాట్సాప్ గ్రూపులో మోరీ ఫొటో పెడుతుంది. దుకాణం ముందు మోరీ పొంగి పొర్లుతుంటే, గ్రూపులో మగవాళ్లంతా ఏ పార్టీ గెలుస్తుందో తేల్చే పనిలో మునిగిపోయారు. ఆమె గోడు విన్నవాడు లేడు. అందుకే అందరూ గులాబీల బొమ్మలతో శుభోదయం చెబుతుంటే, ఆమె ఆ మురికినీళ్లతోనే చెప్పసాగింది.

"జర పూలు సుత పెట్టరాదక్కా," అని ఎగతాళి చేశాడు ఎదురింటి అభిలాష్.

"మోరీల పూలు పూసిననాడు పెడ్త తమ్మీ," అని జవాబిచ్చింది.

గ్రూపు అడ్మిన్ హనుమాండ్లుకు చిర్రెత్తింది. "ఇది రాజకీయాలు మాట్లాడుకునే గ్రూపు. గీ మోరీ ముచ్చట ఇంకోసారి పెడితే నిన్ను తీసేస్త."

"గీ మోరీ బాగుచెయ్యనీకి కాకపోతే మీ పార్టీలెందుకన్నా?"

తీసేస్తే తీసేయనీ అనుకుంది స్వరాజ్యం. మర్నాడు షట్టర్ ఎత్తుతూనే ఫోన్ తీసింది. ఈసారి ఫొటోలో ఉన్నది మోరీ ఒక్కటే కాదు. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, చెప్పులు చేతబట్టుకుని ఆ నీళ్లు దాటుతున్న హనుమాండ్లు కూడా ఉన్నాడు.

కింద "శుభోదయం అన్నా" అని రాసింది.

ఆ పొద్దు గ్రూపులో ఎవరూ ఏ పార్టీనీ గెలిపించలేదు.