కుట్టుమిషను మీద కారే వాన

లీకుల మేస్త్రీ ఇంట్లో చేసిన ఆఖరి పని బకెట్టు జరపడం. తెల్లవారినప్పటి నుంచీ ముసురు. కప్పు నుంచి కారే చినుకు బకెట్టు తప్పి, భార్య కుట్టుమిషను మీద పడుతోంది. ఆయన బకెట్టును కాలి బొటనవేలితో జానెడు నెట్టి, తల వంచి చూసి, "ఆఁ, ఇప్పుడు సరిగ్గా పడుతోంది" అన్నాడు.

ఆవిడ నోట్లోంచి గుండుసూదులు తీసింది. "ఇంట్లో వాన సరిగ్గా పడటమేమిటండీ! సిగ్గుండాలి."

ఆయన నవ్వి, గొడుగు తీసుకుని పనికి వెళ్లాడు. మధ్యాహ్నం ఎవరిదో డాబా మెట్ల మీద గుండె పట్టుకుని కూలబడ్డాడు. మళ్లీ లేవలేదు.

ఊరందరి కప్పులూ బాగుచేసిన మనిషి. వానలో మాత్రం తాపీ ముట్టడు. డాబా ఎక్కి, నీళ్లు ఎక్కడ దిగుతున్నాయో వెతికి, అక్కడ ఎర్ర రంగుతో సున్నా చుట్టి, "ఎండాకాలంలో పిలవండి" అని దిగేసేవాడు. "తడిగోడకి సిమెంటూ, కోపంలో ఉన్నవాడికి నీతులూ పట్టవు" అనేవాడు. ఎండలు రాగానే జనం సంగతి మరిచిపోయేవాళ్లు. మళ్లీ మబ్బు పడితే పరుగున వచ్చేవాళ్లు. ఈమధ్య కాలం కూడా మాట మీద నిలబడటం మానేసింది. నడివేసవిలో కుండపోత. వానాకాలంలో ఇరవై రోజులు చుక్క లేదు. ఆకాశంకేసి చూసి, "నీకో పద్ధతీ పాడూ లేదా?" అని పోట్లాడేవాడు.

ఆవిడ పోట్లాట వేరు. పదకొండేళ్లుగా ఆ చినుకు ఆవిడ పొట్ట మీద కొడుతోంది. ఓసారి కాలేజీ పిల్ల తెల్లచీర మీద తుప్పు మరక పడింది. ఓసారి మిషను మోటారే కాలిపోయింది. వాన జోరైతే కుట్టు ఆపి, మిషనుకి దుప్పటి కప్పి, దాని పక్కనే కూర్చోవాల్సి వచ్చేది.

"వానలో అడిగితే తడి అంటారు. ఎండలో అడిగితే తీరిక లేదంటారు. ఆరు రుతువులూ అయిపోయాయి, ఏడోది ఎప్పుడొస్తుందో చెప్పండి, అప్పుడే అడుగుతాను!"

"చేద్దాంలేవే."

రాయికి చెప్పినా కరిగేది. పంతంలో ఆవిడా తక్కువది కాదు. పన్నెండేళ్ల కిందట, ఒకే గోడ పంచుకున్న పక్కింటావిడ, పదిమందిలో తను కుట్టిన రవిక వంకర అన్నందుకు, "ఈ ఇంటి మనుషులెవరూ మీ గడప తొక్కరు, ఇదే నా మాట" అని వచ్చేసింది. ఆ రవిక కుట్టిన దారమైనా చివికి ఉంటుంది గానీ ఆ మాట చివకలేదు.

ఆయన పోయిన నెలకి, వాన కాస్త తెరిపిచ్చినప్పుడు, ఆయన దగ్గర పని నేర్చుకున్న తాపీమేస్త్రీని పిలిపించింది. అతను డాబా అంతా తిరిగి చేతులు దులుపుకుంటూ దిగాడు.

"అక్కా, మనవైపు పగులే లేదు. నీళ్లు పక్కవాళ్ల పిట్టగోడ అడుగునుంచి వస్తున్నాయి. వాళ్ల డాబా మనకంటే ఒక అంతస్తు ఎత్తు, వాళ్లింట్లోంచే ఎక్కి పూడ్చాలి. ఆరాక అరగంట పని."

"అరగంటా? మరి ఆయనకి తెలీదా?"

"బావకి తెలీకపోవడమా! నాకు చూపించిందే బావ."

పోయినవాడి మీద ఒళ్లు మండిపోయింది ఆవిడకి. ఆ మంటలోనే చెప్పులేసుకుని వెళ్లి పక్కింటి తలుపు కొట్టింది.

"మీ డాబా మీదకి మనిషిని పంపాలి. మా ఆయన ఎప్పుడైనా అడిగాడా?"

పక్కింటావిడ తలుపు పట్టుకునే నిలబడింది. "ఏటా ఎండాకాలంలో అడిగేవాడు వదినా, అదిగో, వీధిలో నిలబడి. 'లోపలికి రా అన్నయ్యా, వచ్చి చేసుకో, నేనెప్పుడు కాదన్నానూ' అనేదాన్ని. 'మా ఆవిడ మాట అనేసింది చెల్లెమ్మా, గడప తొక్కకుండా ఎక్కే దారేమైనా ఉందా?' అని అడిగేవాడు. మా ఇంటికి బయట మెట్లు లేవు కదా."