పన్నెండు ఎద్దుల గోడ

మా పల్లె చర్చిలో ఒకప్పుడు ఉపదేశి గోడ మీద విగ్రహాలు వేయించాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ కథ చిన్నపిల్లలకు కూడా తెలుసు. పాస్టరు నెలకొకసారి మాత్రమే వచ్చే పల్లెల్లో, మిగతా ఆదివారాలు వాక్యం చెప్పి ప్రార్థన నడిపే మనిషిని మా వైపు ఉపదేశి అంటారు. ఆ ఉపదేశి ఏ విగ్రహమూ వేయించలేదు. ఆ గోడ మీది ఎద్దుల మెడలకు మువ్వల పట్టీలు కట్టింది నేను. కొమ్ములకు ఎరుపు పూసింది నేను. అంతా ఆయన చెప్పినట్టే గీశానని చర్చి కమిటీ ముందు నిలబడి అన్నదీ నేనే. అప్పటికి నాకు ముప్పై నాలుగేళ్ళు. చర్చి పక్కనే ఉన్న బడిలో అయివారిని. తెలియక చేశానని చెప్పుకునే వయసు కాదు.

ముందు ఆ పటాల పుస్తకం గురించి చెప్పాలి. తన దేశానికి తిరిగి వెళ్ళిపోతూ ఒక దొరసాని దాన్ని ఉపదేశికి ఇచ్చింది. అట్ట ఎప్పుడో ఊడిపోయింది. పాత దుప్పటి ముక్కలో చుట్టి, దూలానికి కట్టిన ఉట్టిలో పెట్టేవాడు. లోపల యెరూషలేము, హెబ్రోను, సమరయ, అరణ్యంలో నిలిపిన గుడారం. అన్నీ నల్లటి సన్నగీతల బొమ్మలు. లోహపు రేకు మీద చెక్కి అచ్చొత్తినవట. ఒక్కో పటానికి ముందు ఉల్లిపొర లాంటి కాగితం ఉండేది. ఆయన ఆ పొరను రెండు వేళ్ళతో ఎత్తగానే, అంతవరకు మంచులో ఉన్నట్టు మసకగా కనపడిన ఊరు ఒక్కసారిగా వెలుతురులోకి వచ్చేది. ఆ క్షణం కోసమే మేము కాచుకుని ఉండేవాళ్ళం.

పొద్దు వాలుతున్నప్పుడు చర్చి మెట్ల మీద కూర్చుని చూపించేవాడు. ఎవరినీ తాకనిచ్చేవాడు కాదు, తాను కూడా బొమ్మ మీద వేలు పెట్టేవాడు కాదు. ఒక కొర్రపుల్లతో చూపిస్తూ, యెరూషలేము పక్క పల్లె అయినట్టు మాట్లాడేవాడు. ఈ వాకిలి దాటినాక ఎడమ పక్కకు తిరిగితే మెట్లు వస్తాయనీ, ఆ గోడకు తలలు ఆనించి ఏడుస్తున్న ముసలివాళ్ళ వెనక వీధి చాలా ఇరుకనీ చెప్పేవాడు. ఆయన గుంతకల్లు దాటి ఎరగడు.

"ఇది యెరూషలేమా ఉపదేశయ్యా? మన కంబదూరు గుట్టల మాదిరే ఉండాదే!" అని ఎవరో ఒకరు అనేవారు.

"గుట్టలు మనవే అప్పా. ఆడ గొర్రెలు మేపేటోళ్ళు గూడా మనోళ్ళే. కట్టుకునే బట్టలొకటే వేరే."

"వానొస్తాదా ఆడ?"

"వచ్చేటప్పుడు వస్తాది. రానప్పుడు ఏడుస్తారు."

అందరికన్నా ముందు వరసలో ఒక అవ్వ కూర్చునేది. ఆమెకు ఒక జత ఎద్దులుండేవి, అవి తప్ప ఇంకెవరూ లేరు. ఆమెకు ఒకే పటం కావాలి. యెరూషలేము దేవాలయపు ఆవరణ అది. మధ్యలో ఇల్లంత ఇత్తడి తొట్టి, దాన్ని వీపుల మీద మోస్తూ పన్నెండు ఎద్దులు. యాజకులు కాళ్ళూ చేతులూ కడుక్కోవడానికి నీళ్ళు నింపే ఆ తొట్టిని లేఖనంలో సముద్రమనే అన్నారు.

"అందులో నీళ్ళుండాయా?" అని అవ్వ ప్రతిసారీ అడిగేది.

"ఉండాయవ్వా. నింపే పెట్టినారు."

"ఎద్దులు తాగుతాయా?"

"అవి ఇత్తడివి కదా, యాడ తాగుతాయి?"

"ఇత్తడివైతే మాత్రం, అన్ని నీళ్ళు మోస్తాంటే దప్పి కాదా ఏమి?"

అందరూ నవ్వేవాళ్ళు. నేను కూడా. కానీ ఇంటికి నడుస్తుంటే ఆ ప్రశ్న నాతోనే వచ్చేది. వానలు లేక మూడో ఏడు అది. శెనగచేలు విత్తనం వేయకుండానే ఎర్రగా పడి ఉన్నాయి. పగటిపూట ఎండ మిటమిటలాడే చేల చివర గాలి కదిలి, నీళ్ళు ఉన్నట్టు కనపడేది. ఆ నీళ్ళ అవతల నాకు తెల్లటి ప్రాకారం, మెట్లు, గోపురాలు తేలేవి. బడికి పోతూ ఎన్నిసార్లు ఆగి చూశానో లెక్కలేదు. ఆ రోజుల్లో నేను సగం మా పల్లెలో, సగం ఆ పటాల్లో బతికాను. మా ఊళ్ళో చాలామంది అట్లాగే బతికారని నా అనుకోలు. కడుపుకు చాలనప్పుడు కళ్ళు ఎక్కువ చూస్తాయి.

ఒకరోజు ఉపదేశి దిగులుగా పుస్తకం తెచ్చి నా ముందు పరిచాడు. ఉట్టి కట్టిన దూలానికి చెద పట్టింది. పటాలు చాలావరకు బతికాయి. దేవాలయపు ఆవరణలో మాత్రం తొట్టి కింది భాగం తినేసింది. ఎద్దుల కాళ్ళు మిగిలాయి, ఒక కొమ్ము మిగిలింది. మధ్యలో రంధ్రం.

"పూర్తిగా పోకముందే దీన్ని గోడకెక్కించు అయివారూ" అన్నాడు. "పీఠం వెనక గోడ ఖాళీగానే ఉండాది."

"ఎద్దులు లేవు కదా పెదనాయనా?" అన్నాను. వరస ఏమీ లేదు, నేను ఆయన్ని అట్లా పిలిచేవాణ్ణి.

"కాళ్ళుండాయి కదా. పైన నీడ మాదిరి వేసి విడిచిపెట్టు. మనం చూడంది మనం గీయగూడదు."

ఈ మాట ఆయన స్పష్టంగా అన్నాడు. అందుకే దీన్ని ఇక్కడ రాస్తున్నాను.

పటం మీద దారంతో గళ్ళు పరిచాను. గోడ మీద బొగ్గుతో అవే గళ్ళు పెద్దవిగా వేశాను. ఒక్కో గడిలో ఉన్న గీతను ఒక్కో గడిలోకి ఎక్కించాలి, మొత్తం బొమ్మ వైపు చూడకూడదు. సున్నం, జేగురు, బట్టలకు పెట్టే నీలం, దీపపు మసి, వాటిని పట్టి ఉంచడానికి తుమ్మబంక. ఉపదేశి అప్పుడే చుట్టుపక్కల పల్లెలు తిరగడానికి పోయాడు. పది రోజులు రాడు. బడికి సెలవులు. చర్చి కప్పు బండల కింద చల్లగా ఉండేది. నేనూ ఆ గోడా తప్ప ఎవరూ లేము. స్తంభాలు లేచాయి, మెట్లు పరుచుకున్నాయి, తొట్టి అంచు తామరపువ్వులా విచ్చుకుంది. చివరకు ఆ రంధ్రం దగ్గరికి వచ్చాను.

నీడ వేయలేకపోయాను. అంతే. పన్నెండు ఎద్దుల కాళ్ళ మీద నీడ నిలబెట్టడానికి చేయి రాలేదు. పటం గీసిన పరదేశి కూడా ఆ ఎద్దులను చూడలేదు కదా, దేవాలయం కూలిపోయి ఎన్నో వందల ఏళ్ళయింది కదా, తన ఊరి పశువులనే గీసి ఉంటాడు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. ఆ మాటలో నిజం ఉంది. అయినా అనుమతి అడగకుండా చేయడానికి దాన్ని వాడుకున్నాను. లేపాక్షిలో నేను చూసిన రాతి నంది మెడలోని గంటల హారం గుర్తుంది. ఏరువాక పున్నమినాడు రైతులు ఎద్దులను కడిగి, కొమ్ములకు రంగులేసి, పట్టీలు కట్టే తీరు ఇంకా బాగా గుర్తుంది. మా ఊరి ఎద్దులనే గీశాను, కానీ బలిసిన ఎద్దులను. మూపురాలు నిండుగా, కళ్ళు తడిగా. అంత ఆనందంగా నేను అంతకు ముందు ఏ పనీ చేయలేదు, తర్వాతా చేయలేదు.

ఉపదేశి తిరిగి వచ్చి, దుమ్ము కాళ్ళతో అట్లాగే నిలబడి చాలాసేపు చూశాడు.

"ఎంత బాగుండాయప్పా" అన్నాడు. నీడ మాట ఎత్తనే లేదు.

ఏరువాక పున్నమి వచ్చింది. వాన రాలేదు. మేత లేక చాలామంది పశువులను సంతకు తోలేశారు. అవ్వ కూడా తన జతను అమ్ముకుంది. ఆ పొద్దున ఆమె చెంబులో పసుపు కలుపుకుని చర్చికి వచ్చి, గోడ మీది పన్నెండు ఎద్దుల నుదుళ్ళకూ పూసి, కుంకుమ పెట్టి, కింద ఒక సంకటి ముద్ద పెట్టి పోయింది. నేను అడిగితే దాచలేదు.

"బాప్తిస్మం తీసుకుంటివి కదా అవ్వా, ఇదేం పని?"

"నేను తీసుకున్నా. ఎద్దులు తీసుకున్యాయా ఏమి?" అంది. "పండగనాడు వాటిని ఊరికే నిలబెడతారా ఎవరన్నా?"

పసుపు తుడవబోతే రంగు ఊడివస్తోంది. బంక సరిగా పట్టలేదు. ఆదివారం లోపల సరిచేద్దామనుకున్నాను. ఆదివారం కన్నా ముందే పట్నం నుంచి, చర్చినీ బడినీ నడిపే కమిటీ పెద్దలు ముగ్గురు చర్చి కప్పు బండలు చూడటానికి వచ్చారు.

పెద్దాయన గోడ ముందు నిలబడి కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

"ఇదేమి, దేవుని మందిరమా, నంది కొట్టమా?" అన్నాడు. "గంటలు, కుంకుమ, ప్రసాదం! ఎవరు వేయించినారు?"

నేను గీశానని అందరికీ తెలుసు. ఎట్లా గీయమన్నారనేదే ప్రశ్న. బడి వాళ్ళదే, ఉద్యోగం వాళ్ళ చేతిలోనే ఉంది. అదొక్కటే కారణమని చెప్పుకుంటే తేలికగా ఉంటుంది. కానీ ఆ క్షణంలో ఉద్యోగం కన్నా ముందు నాకు సిగ్గు వేసింది. మంచి పని చేశాననుకుని నిలబడిన చోట వెక్కిరింపు వినలేకపోయాను.

"ఉపదేశయ్య చెప్పినట్టే గీసినా సార్" అన్నాను.

పక్కనే నిలబడిన ఉపదేశి నా వైపు తిరిగాడు. కోపం లేదు. ఏదో వెతుక్కుంటున్నట్టు కొంచెం నొసలు ముడిచాడు.

"నువ్వే చెప్పినావా?" అని పెద్దాయన గద్దించాడు.

"చెప్పింటాను సార్" అన్నాడు ఉపదేశి.

ఆ వారమే ఆయన్ని తీసేశారు. పటాల పుస్తకం పట్నానికి పట్టుకుపోయారు, అది ఏమైందో నాకు తెలియదు. గోడకు సున్నం కొట్టింది నేనే. మూడు పూతలు పడితే గానీ ఎద్దుల కళ్ళు మూసుకోలేదు. ఆయన యాడికిలో ఉన్న కూతురి దగ్గరికి పోయాడు. ఆమె మొగుడు నాపరాళ్ళ గనిలో పని చేసేవాడు.

నా పిల్లలను చూసి, నా ఉద్యోగం నిలవాలని ఆయన నేరం మీద వేసుకున్నాడనుకుని పన్నెండేళ్ళు గడిపాను. ఆయన మంచితనాన్ని తలుచుకుని కళ్ళనీళ్ళు పెట్టుకోవడం కూడా అలవాటైంది. పోయిన నెల బడిలో ఒక పిల్లవాడు బొమ్మ గీస్తుంటే పక్కవాడు "ఉపదేశి మాదిరి దేవుళ్ళను వేస్తాండావా?" అని ఎగతాళి చేశాడు. ఆ పిల్లలు ఆయన్ని చూసి కూడా ఎరగరు. మరుసటి రోజే బస్సెక్కాను.

యాడికిలో, గని దగ్గర రేకుల నీడలో, ఒకదాని మీద ఒకటి పేర్చిన నల్లబండల పక్కన కూర్చుని ఉన్నాడు. కళ్ళకు పొర వచ్చింది. గొంతు విని గుర్తుపట్టాడు.

"అయివారా! కూర్చో అప్పా. బండ కాలుతాది, ఈ పక్క కూర్చో."

కూర్చోకుండానే చెప్పేశాను. మీరు నీడ వేయమన్నారు, ఎద్దులు నా సొంతం, కమిటీ ముందు అబద్ధమాడాను అని.

గనిలో సమ్మెటల చప్పుడు వినపడుతూనే ఉంది.

"నేను చెప్పలేదా?" అన్నాడు చివరకు.

"లేదు పెదనాయనా. మీకు తెలుసు కదా."

"నాకేం తెలుసు? నువ్వు అయివారివి. అందరి ముందర అంత గట్టిగా చెప్తివి. నువ్వు అబద్ధమాడతావని నాకు తోచనే లేదప్పా. ఆ ఎద్దుల గురించి ఊరూరా చెప్పే మనిషిని, ఎప్పుడో నోరు జారింటాననుకున్నా." ఆయన చేయి బండ అంచును తడుముతోంది. "పన్నెండేండ్లు. పొద్దున లేస్తే మొదటి మాట అదే. తండ్రీ, నీ ఇంట్లో విగ్రహాలు పెట్టించినా, క్షమించు అని. అది చెప్పినాకనే కూతురి పేరు గూడా ఎత్తేది. చేయనిదానికి క్షమాపణ అడిగించినావు కదప్పా నాతో!"

నేను ఆయన కాళ్ళు పట్టుకోబోయాను. విదిలించుకున్నాడు.

"నా కాళ్ళెందుకు? ఆడ చెప్పు. ఆ గోడ ముందరనే చెప్పు. నేనూ వస్తా."

నిన్న, ఆదివారం, వచ్చాడు. మనవడు చేయి పట్టుకుని తెచ్చాడు. వెనక బల్ల మీద కూర్చోబెట్టాను. వాక్యం అయ్యాక నేను లేచి, ఇక్కడ రాసిందంతా చెప్పాను.

సంఘ పెద్ద ఇబ్బందిగా కదిలాడు. "అయ్యో అయివారూ, అది ఎవరికి గుర్తుండాదప్పా? కూర్చో."

"మొన్న నీ కొడుకు గూడా చెప్పినాడు ఆ కథ" అన్నాను.

ఎవరూ నవ్వలేదు. అవ్వ పోయి ఐదేళ్ళయింది, లేకుంటే ఏదో ఒకటి అనేది. కాసేపటికి సంఘ పెద్దే లేచి వెనక బల్ల దగ్గరికి నడిచి, ఉపదేశి భుజం తాకాడు.

"ఉపదేశయ్యా, ముగింపు ప్రార్థన మీరు చెయ్యండి."

ఆయన బల్ల పట్టుకుని లేచి నిలబడ్డాడు. అందరం తలలు వంచాము. మాట రాలేదు. పిల్లలు దగ్గారు, బయట మేకలు అరిచాయి, అయినా రాలేదు. నేను ఓరగా చూశాను. పెదవులు ఒకసారి కదిలి ఆగిపోయాయి. అది ఎందుకో అక్కడున్నవాళ్ళలో నాకొక్కడికే తెలుసు. పన్నెండేళ్ళుగా ఆయన ప్రార్థన ఒకే మాటతో మొదలైంది, ఇప్పుడు ఆ మాట అక్కర్లేదు.

"ఈడికి వచ్చినా తండ్రీ" అన్నాడు ఎట్టకేలకు.

తర్వాతి మాట కోసం మేము తలలు వంచుకునే ఉన్నాము.