బేడలు ఉడికే బావి

పత్తికొండ దగ్గరి ఆ ఊళ్లో హులిగెమ్మ నవ్విందంటే పక్కవీధి ఎద్దులు కూడా చెవులు రిక్కించేవి. సొంత పెళ్లిలోనే, తలంబ్రాలు కంట్లో పడి పెళ్లికొడుకు గింజుకుంటుంటే పకపకా నవ్వి, మొదటిరోజే అత్త చేత తిట్లు తిన్న మనిషి. అలాంటి మనిషి నవ్వు మరిచిపోయే రోజులూ వచ్చాయి.

ఊరికి తీపినీళ్ల బావి ఒక్కటే. తక్కినవన్నీ ఉప్పునీళ్లు. ఆ ఏడు షావుకారు బావికి ఎగువన చెనిక్కాయలు, అదే వేరుశనగలు, ఒలిచే మిషను పెట్టించాడు. ఇంజను మేస్త్రి బసవన్న దాని సామాన్లు విప్పి, జిడ్డు వదిలేదాకా సీమనూనెలో, అంటే కిరసనాయిల్లో, కడిగి, ఆ నల్లనూనెను పక్కనే గుంతలో పారబోసేవాడు. వానలు పడ్డాయి. బావినీళ్లకు సీమనూనె కంపు పట్టింది.

హులిగెమ్మ కోడలు సుంకమ్మ పచ్చి బాలింత. ఆ నీళ్లు తాగితే కక్కుతోంది, తాగకుంటే బిడ్డకు పాలు పడడం లేదు. హులిగెమ్మ వంకలో చెలమ తీసి కడవ నింపుకొస్తోంది. ఆ చెలమ కూడా అడుగంటుతోంది.

"బసవన్నా, ఆ గుంత ఇంకోచోటికి మార్చుకోప్పా," అని బతిమాలింది.

ఆ సీమలో నీళ్లకు తాతలనాటి పరీక్ష ఒకటుంది. కందిబేడలు, అంటే కందిపప్పు, మెత్తగా ఉడికితే మంచినీళ్లు, ఉప్పునీళ్లలో మాదిరి ఉడక్కుంటే చెడ్డనీళ్లు. బసవన్న దాన్నే పట్టుకున్నాడు.

"రేపు బావికాడే పొయ్యి పెడతా పెద్దమ్మా. బేడలు ఉడక్కుంటే గుంత పూడుస్తా. ఉడికినాయంటే నువ్వు నోరెత్తగూడదు."

"న్యాయంగా ఉండాది," అంది ఊరు.

మరునాడు షావుకారుతో సహా అందరూ చేరారు. బేడలు ఉడికాయి. మామూలుగా కాదు, గరిటె పెడితే కరిగిపోయేట్టు ఉడికాయి.

"చూడండప్పా, వెన్నపూస!" అని బసవన్న మీసం తిప్పాడు.

హులిగెమ్మ సీమనూనె కంపు కొట్టే ఆవిరికి ముక్కు మూసుకుని కుండలోకి చూసింది. చూస్తుండగానే కడుపులోంచి నవ్వు పొంగుకొచ్చింది.

"శానా బాగా ఉడికినాయి నాయనా! ఇట్లాంటి పప్పు పారేస్తే పాపం. కూచో, తిను."

విస్తరి వేసి, సంగటిముద్ద పెట్టి, పప్పు పోసింది. ఊరంతా చూస్తుంటే బసవన్న లేచి వెళ్లలేకపోయాడు. మొదటి ముద్దకే కళ్లనిండా నీళ్లు.

"ఎట్లుండాదప్పా?"

"బా...గుండాది."

"ఐతే ఇంకో గరిటె!"

పప్పు మీద చెంబెడు బావినీళ్లు కూడా తాగించింది. బసవన్నకు పెద్ద తేన్పు వచ్చింది. ఎదురుగా కూర్చున్న భీమమ్మ "ఓయమ్మా, బుడ్డిదీపం పగిలిందే!" అని కొంగు అడ్డం పెట్టుకుంది. తిన్నాక బీడీ తాగే అలవాటు కొద్దీ బసవన్న అగ్గిపెట్టె తీశాడు.

"అగ్గి గీకొద్దురోయ్! మేస్త్రి అంటుకుంటాడు!" అని హులిగెమ్మ కేక పెట్టింది.

జనం తలోదిక్కు పరిగెత్తారు. పరిగెత్తుతూ ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. బసవన్న నిజంగానే జడిసి, బీడీ విసిరేసి, రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. షావుకారు పొట్ట పట్టుకుని ఊగిపోయాడు.

"గుంత పూడుస్తా పెద్దమ్మా," అన్నాడు బసవన్న వేళ్ల సందుల్లోంచి. "ముందు రోంత మజ్జిగ పొయ్యి."

గుంతలోని జిడ్డుమట్టినంతా తవ్వి బండ్ల మీద దూరంగా తోలేశారు. ఆపైన బావికి ఎద్దులు లాగే కపిల కట్టి, నీళ్లు ఊరేకొద్దీ తోడి పారబోశారు. బురదలో జారిపడని వాళ్లు లేరు; పడినవాళ్లు నిలబడ్డవాళ్లను లాగారు. వాసన విరిగేదాకా ఎద్దులు ఆగలేదు.

కొత్త ఊటలో హులిగెమ్మ దోసిలి పట్టి వాసన చూసింది, తాగింది. చెంబు నింపుకుని, సగం ఒలికిపోతున్నా ఆగకుండా, ఇంటికి పరిగెత్తింది.

సుంకమ్మ గటగటా తాగింది. కడుపు మీద చెయ్యి వేసుకుని కాసేపు కదలకుండా కూర్చుంది. ఈసారి కక్కలేదు.

"ఇంకా ఉండాయా అత్తా?" అంది సుంకమ్మ.