లాల్ అహ్మద్ వేసిన లంగరు

కోవూరులో లాల్ అహ్మద్ ఇల్లెక్కడ అని అడిగితే తల గోక్కునేవాళ్లు. జీనుల సాయిబు అంటే మాత్రం చెయ్యి చూపించేవాళ్లు. జట్కా గుర్రాలకయితే అడగాల్సిన పని కూడా లేదు. బండి ఆయన కొట్టు ముందుకు రాగానే వాటంతట అవే నిలబడిపోయేవి. పట్టీలు వదులు చేసి వీపు నిమిరే మనిషి ఆ రోడ్డు మొత్తానికి ఆయన ఒక్కడే మరి.

ఆయన పనితనం కుట్టులో ఉందని అందరూ అనుకునేవాళ్లు. అది కంట్లో ఉంది. కొత్త జీను కట్టి గుర్రాన్ని నెల్లూరు దాకా తోలుకురమ్మనేవాడు. రాగానే జీను తీసి వీపంతా తడిమి చూసేవాడు. వీపు చెమటతో తడిసి, ఎక్కడో ఒక చోట అరచేతంత మేర పొడిగా ఉంటే అక్కడ జీను నొక్కుతోందని లెక్క. మరో వారానికి అక్కడ పుండు లేస్తుంది. బండివాడు వద్దు మొర్రో అంటున్నా వినకుండా కుట్లు విప్పేసి, లోపలి పీచు సర్ది మళ్లీ కుట్టేవాడు. ఇంత పట్టుదల ఉన్నవాడికి గర్వం కూడా ఉంటుంది. లాల్ అహ్మద్‌కి బాగానే ఉండేది.

పందొమ్మిదివందల యాభై ఎనిమిది నాటికి పెన్న మీదుగా బస్సులు జోరుగా తిరగడం మొదలై జట్కాలు తగ్గాయి. ఆయన కొట్టులో కూర్చుని పాత కళ్లేలకు నూనె రాస్తూ బస్సుల్ని తిట్టుకుంటున్న రోజుల్లో ఒక పొద్దున తెల్లచీర కట్టుకున్న అమ్మాయి వచ్చింది. చేతిలో వంచిన సత్తురేకు ముక్క ఉంది. చూడటానికి చిన్న దోనెలా ఉంది.

"భాయ్, దీనికి లోపల మెత్త వేసి, తోలు పట్టీలు కుట్టిస్తారా?"

లాల్ అహ్మద్ అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఏ జంతువుకమ్మా? కుక్క కాలికా?"

"మనిషి వేలికి."

ఆయన ఎంత గట్టిగా నవ్వాడంటే లోపల్నించి భార్య ఖుర్షీదా గరిటె పట్టుకునే బయటికొచ్చింది. ఆ అమ్మాయి నవ్వలేదు. తన పేరు కరుణాకుమారి అనీ, రాయవేలూరులో చదువుకుని వచ్చాననీ, ఊరి చివర మిషన్ ఆసుపత్రిలో కాలిన చేతులకూ తెగిన చేతులకూ మళ్లీ పని నేర్పించడం తన ఉద్యోగమనీ చెప్పింది. వంకరపోయిన వేలిని ఈ దోనెలో పడుకోబెట్టి కొంచెం కొంచెంగా సాగదీయాలట. రేకు వంచేవాళ్లు దొరికారు, తోలు కుట్టేవాళ్లు దొరికారు, రెండూ తెలిసి మనిషి ఒంటికి నొప్పి తగలకుండా చేసేవాళ్లు దొరకలేదట.

"కట్టిన తర్వాత ఇరవై నిమిషాలకు విప్పి చూడాలి భాయ్. చర్మం మీద ఎర్రమచ్చ పడి, అది ఎంతకీ పోకపోతే..."

"అక్కడ నొక్కుతుండాది. మెత్త సర్దాల," అని లాల్ అహ్మద్ పూర్తి చేశాడు. "ఇది మా నాయన నాకు పదేళ్లప్పుడే చెప్పినాడమ్మా. మనిషికి బొచ్చు లేదు గాబట్టి ఇంకా సులువు."

అలా ఆయన ఆసుపత్రి ఉద్యోగి అయ్యాడు. రోగులు ఆ గదిని చేతుల గది అనేవాళ్లు. కిటికీ పక్కన ఆయన పీట. గొడుగు ఊచలు, సైకిలు ట్యూబు ముక్కలు, పాత బూట్ల తోలు, అన్నీ అక్కడికి చేరి ఎవరి వేలికో ఊతమయ్యేవి. "గుర్రాల్ని వదిలి మనుషులకు జీన్లు వేస్తున్నా," అని ఖుర్షీదాతో గొప్పగా చెప్పుకునేవాడు. ఆమె మూతి తిప్పేది గానీ, పొరుగింటికెళ్లి అదే మాట ఇంకాస్త పెంచి చెప్పేది.

అరవయ్యో సంవత్సరం చలికాలంలో సముద్రం ఒడ్డునున్న జువ్వలదిన్నె నుంచి గురవమ్మ వచ్చింది. నలభై ఏళ్లుంటాయి. వల అల్లడంలో ఆ తీరంలో ఆమెకు పేరు. చేపలు ఏరుతుంటే కుడిచేతిలో జెల్లచేప ముల్లు దిగి, చెయ్యంతా వాచి చీము పట్టింది. డాక్టరు విజయభాస్కర్ కోసి చీము తీశాడు. పుండయితే మానింది గానీ ఉంగరపు వేలూ చిటికెనవేలూ అరచేతిలోకి ముడుచుకుని అక్కడే ఉండిపోయాయి. చిటికెనవేలు లేకపోతే ఆమెకు వల లేదు. కండె తిప్పి దారాన్ని ముడిలోంచి లాగేటప్పుడు కింది మెలికను కొక్కెంలా పట్టి ఉంచేది ఆ వేలే.

లాల్ అహ్మద్ ఆమె కోసం మూడు రోజులు కూర్చున్నాడు. అంత నున్నని దోనె అంతకు ముందు చేయలేదు. కరుణాకుమారి పక్కన నిలబడి రాత్రి కట్టుకోవాలనీ, పొద్దున విప్పేసి గోరువెచ్చటి నీళ్లలో చెయ్యి పెట్టి వేళ్లు ముడవాలనీ, తెరవాలనీ వివరంగా చెప్పింది. గురవమ్మ ప్రతి మాటకూ తల ఊపింది. అంతా అయ్యాక లాల్ అహ్మద్ పట్టీ బిగించి, బక్కిలు పెట్టి, ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోలేదు.

"ఇది నా కట్టమ్మా! ఎవురి వల్లా ఊడదు!" అన్నాడు మీసం మీద చెయ్యేసి.

నెల తిరిగాక గురవమ్మ చెయ్యి తలకంటే ఎత్తున పట్టుకుని, జెండా మోస్తున్నట్టు చేతుల గదిలోకి వచ్చింది. మొహం వెలిగిపోతోంది. తోలు నల్లబడింది. దాని చుట్టూ పసుపు. పైన ఒక దారం కూడా కట్టి ఉంది.

"చూడు సాయిబన్నా, నువ్వు కట్టింది కట్టినట్టే ఉండాది. ఒక్క పూటన్నా విప్పితే ఒట్టు!"

లాల్ అహ్మద్ గబగబా పట్టీలు విప్పాడు. వేళ్లు చక్కగా నిటారుగా ఉన్నాయి. మరీ చక్కగా ఉన్నాయి. కరుణాకుమారి మెల్లగా వంచబోతే ఉంగరపు వేలు కాస్త కదిలింది, చిటికెనవేలు కర్రముక్కలా నిలబడిపోయింది.

"రాత్రిపూటే అని చెప్పాను కదమ్మా!" అంది కరుణాకుమారి.

"చెప్పినావు తల్లీ. కానీ కట్టు అన్న తర్వాత కట్టినోళ్లే విప్పాల గదా? మా ఆయన చెయ్యి ఇరిగితే పుత్తూరు పోయి కట్టు కట్టించుకొచ్చినాం. ఆ వైద్యుడు ఏం చెప్పినాడు? నేను విప్పేదాకా దేవుడొచ్చినా ముట్టగూడదు అన్నాడు. చెయ్యి ఇనుములాగా అతికింది. ఈ సాయిబన్న కూడా ఎవురి వల్లా ఊడదన్నాడు. నీ మాట ఇనేదా, కట్టినోడి మాట ఇనేదా?"

ఆ జిల్లాలో పుట్టినవాళ్లెవరైనా ఆమె పక్షమే మాట్లాడతారు. లాల్ అహ్మద్ కూడా అక్కడివాడే, అయినా తను అన్న మాట ఆమె చెవిలో ఎలా పడుతుందో ఆయనకు తట్టలేదు. గుర్రానికి పుండు పడితే బండివాడి మీదికి తోసేయొచ్చు. ఇది తోయడానికి వీల్లేని తప్పు. ఆయనకు సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

విజయభాస్కర్ వచ్చి చూసి పెదవి విరిచాడు. "నెల రోజులు చూద్దామమ్మా. అప్పటికీ వంగకపోతే ఆ చిటికెనవేలు తీసేయడమే మంచిది. ఇలా నిలబడి ఉంటే ప్రతి వలలోనూ తగులుకుంటుంది, ఎప్పుడో ఒకప్పుడు విరుగుతుంది."

"తీసేస్తే దారం దేంతో పట్టుకునేది సార్, పంటితోనా?" అంది గురవమ్మ. నవ్వులాటకే అంది గానీ, నిలబడిపోయిన వేలిని ఎడమచేత్తో కప్పుకుంది.

లాల్ అహ్మద్ ఆ సాయంత్రం ఇంటికి పోయి అన్నం సరిగా తినలేదు. మర్నాడే కొత్తది కుట్టాడు. ఈసారి తోలు తొడుగు. వేళ్ల కొనలకు తొడిగి, దాని పట్టీని మణికట్టు దగ్గరికి లాగి బిగిస్తే వేళ్లు పిడికిలి వైపు వంగుతాయి. ఇరవై నిమిషాలు ఉంచాలి, విప్పాలి, మళ్లీ తొడగాలి. పగటిపూట పది సార్లు. రాత్రికి మాత్రం పాత దోనె. గురవమ్మ అన్నిటికీ తల ఊపి బస్సెక్కింది.

"ఆ తల ఊపడమే నాకు భయంగా ఉంది భాయ్," అంది కరుణాకుమారి.

ఆయనకూ అదే భయం. ఆదివారం ఆసుపత్రికి సెలవు. పొద్దున్నే బస్సు పట్టుకుని, దిగిన చోట నుంచి ఇసుకలో నడిచి జువ్వలదిన్నె చేరాడు. గురవమ్మ గుడిసె ముందు కూర్చుని ఉంది. చేతికి దోనె అలాగే ఉంది. తోలు తొడుగు గూట్లో, పసుపు బొట్టుతో. పక్కనే అత్త పోలేరమ్మ కాళ్లు చాపుకుని కాపలా.

"నేను విప్పుతానంటే మా అత్త ఒప్పుకోలే సాయిబన్నా," అంది గురవమ్మ, తప్పు చేసినదానిలా.

డెబ్బై ఏళ్ల పోలేరమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. "కట్టేది మీరే, విప్పమనేది మీరే. పదిసార్లు విప్పేదానికి అది కట్టెట్టా అవుతుందయ్యా? అసలు దాని పేరేంది?"

"స్ప్లింటు అవ్వా."

"పిలింటా? అదేం పేరు? మా పుత్తూరు కట్టు సంగతి నీకు తెలుసునా? నా కొడుకు చెయ్యి..."

"తెలుసవ్వా, ఇనుములాగా అతికింది. అది ఎముక. ఎముక అతకాల. ఇది కీలు. కీలు అతికితే ఇంకేముండాది, నీ కోడలి వేలు పోయినట్టే."

ఈ మాట తిరుగులేనిదని ఆయన దారి పొడుగునా అనుకుంటూ వచ్చాడు. పోలేరమ్మ దాన్ని ఈగను తోలినట్టు తోలేసింది. ఇంతలో ఆమె చూపు ఉప్పుటేటి వైపు పోయింది. అక్కడ కొడుకు ముత్యాలయ్య పడవలో కూర్చుని తీరిగ్గా బీడీ కాలుస్తున్నాడు.

"ఒరే ముత్యాలయ్యా! పోటు వచ్చి ఎంతసేపైందిరా! ఇంకా లంగరెత్తకుండా ఏం చేస్తుండావు? నీటికింద ఇనుము పెట్టుకుని కూర్చుంటే చేపలొచ్చి నీ ఒళ్లో పడతాయా!"

లాల్ అహ్మద్ నిలువునా లేచి నిలబడ్డాడు. "అవ్వా, లంగరు ఎందుకేస్తారు?"

"ఎందుకేందయ్యా, పిచ్చోడివా? రాత్రికి పడవ కొట్టుకుపోకుండా."

"రేపు గూడా ఎత్తకుండా అట్టే పెడితే?"

"తిండెట్టా? పడవ కట్టుకున్నది చేపల ఏటకు పోయేదానికా, నీళ్లల్లో కుళ్లిపోయేదానికా?"

"అదేనవ్వా! ఇది కట్టు కాదు. కట్టు అని నేను కూసింది తప్పు, నా నోరు పడిపోను. ఇది లంగరు. రాత్రికి ఏసేది, తెల్లారితే ఎత్తేది. ఎత్తకపోతే మీ కోడలి వేలు ఏటకు పోదు."

పోలేరమ్మ దోనె వంక చూసింది, పడవ వంక చూసింది, మళ్లీ దోనె వంక చూసింది. తర్వాత కోడలి మీద విరుచుకుపడింది.

"ఏమ్మే, పొద్దు ఈడిదాకా వచ్చింది, ఇంకా లంగరు ఏసుకునే కూర్చున్నావా? ఎత్తు!"

గురవమ్మ ఎడమచేత్తో బక్కిలు విప్పింది. లాల్ అహ్మద్ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు, సాయం చేస్తే మొదటికే మోసం వస్తుందని. పట్టీ జారి ఇసుకలో పడింది. ఏ దేవుడికీ కోపం రాలేదు.

ఆ తర్వాతి నెల సంగతి కరుణాకుమారికి గురవమ్మ నోటితోనే తెలిసింది. కోడి కూసే లోపలే పోలేరమ్మ కేక వినబడేదట, "లంగరెత్తు!" అని. పగలు తోలు తొడుగు వేసిన ఇరవై నిమిషాలకల్లా మళ్లీ అదే కేక. గడియారం లేని ఇంట్లో ఆమె తమలపాకులు నమిలే లెక్కన కాలం కొలిచేది. వారం తిరిగేసరికి వీధి వీధంతా గురవమ్మను చూడగానే "ఏసినావా, ఎత్తినావా?" అని పలకరించడం మొదలుపెట్టింది. చేతుల గదిలో కూడా మిగతా రోగులు అదే మాట పట్టుకున్నారు. కరుణాకుమారి తన నోటు పుస్తకంలో స్ప్లింటు అన్న మాట కొట్టేసి లంగరు అని రాసుకుంది. ఆ మాటను అర్థం చేసుకోవడంలో ఎవరూ పొరబడలేదు.

గడువు రోజు వచ్చింది. విజయభాస్కర్ బల్ల మీద మర్నాటి ఆపరేషన్ల కాగితం ఉంది. అందులో మూడో పేరు గురవమ్మది. లాల్ అహ్మద్ ఆ కాగితాన్ని తలకిందులుగానే చదివేశాడు. ఇంతకాలం తన తోలు పనిని మెచ్చుకోమని లోకాన్ని అడిగిన మనిషి, ఆ పూట ఎవరూ తన పని చూడకపోయినా ఫరవాలేదు, వేలు వంగితే చాలని లోలోపల దువా చేసుకున్నాడు.

విజయభాస్కర్ తన రెండు వేళ్లు గురవమ్మ అరచేతిలో పెట్టాడు. "గట్టిగా పట్టుకోమ్మా."

ఉంగరపు వేలు వంగింది. చిటికెనవేలు ఆగింది. అప్పుడు ఆ వేలు నెమ్మదిగా, మొరాయిస్తూ, ముక్కాలు దూరం వంగి డాక్టరు వేలి మీద వాలింది. గురవమ్మ పళ్లు బిగించి నొక్కింది.

"చాలమ్మా, చాలు. వదులు."

గురవమ్మ వదల్లేదు. డాక్టరు మొహం కాస్త ఎర్రబడింది.

"కోస్తానంటివే సార్! ఇప్పుడు చెప్పు!"

విజయభాస్కర్ నవ్వుతూనే చెయ్యి విడిపించుకున్నాడు. "పూర్తిగా ముడవదమ్మా. ఇంతవరకే. ఇది నీ పనికి చాలుతుందా?"

గురవమ్మ కొంగుముడిలోంచి నూలుకండె తీసింది. దారం కొస లాల్ అహ్మద్ చేతికిచ్చి "లాగి పట్టుకో అన్నా," అంది. కండె తిరిగింది. మొదటి మెలిక చిటికెనవేలు మీంచి జారిపోయింది. రెండోదీ జారింది. మూడోసారి ఆ వంకర వేలు దారాన్ని అందుకుని ఆపింది. ఆమె ముడి బిగించింది. వలకు ఒక కన్ను పడింది. ఇంకోటి. ఇంకోటి. లాల్ అహ్మద్ వేళ్ల దగ్గర నుంచి అరచెయ్యి వెడల్పు వల బయల్దేరింది.

ఆమె ఆగి, వేలు చూసుకుంది. దారం కోసుకున్న చోట సన్నటి ఎర్రగీత.

"నొప్పి పుట్టింది సాయిబన్నా!" అని పెద్దగా నవ్వింది. "పని చేస్తే పుట్టే నొప్పి!"

విజయభాస్కర్ కలం తీసి కాగితం మీద మూడో పేరు కొట్టేశాడు. లాల్ అహ్మద్‌కి అది కనిపించలేదు. కళ్లనిండా నీళ్లు. తుడుచుకుందామంటే రెండు చేతులూ దారానికి అంకితమైపోయాయి, ఆమేమో అల్లడం ఆపేలా లేదు.