నర్సవ్వ గోరు

ఈ ఉదయం నూలు చీరకు గంజి పెడుతుంటే, ఆ వెచ్చటి వాసన వెంట మేం వలస వచ్చిన మరమగ్గాల వాడ నార్పోలిలో మా పక్కింటి నర్సవ్వ జ్ఞాపకంలోకి వచ్చి నిలబడింది. అంటుకుపోయిన మడతలను గుంజకుండా గోటితో మెల్లగా విడదీయడం ఆమె దగ్గరే నేర్చుకున్నాను.

నూలు చుట్టిన బీము మరమగ్గం సాంచా ఎక్కే ముందు వేల పోగులను ఒక్కొక్కటిగా తీగల సన్నని కళ్ళలోంచి లాగడం నర్సవ్వ పని. గంజి గట్టిపడి రెండు పోగులు అతుక్కుంటే బొటనవేలి పొడుగాటి గోటితో గీకి విడదీసేది. ఒక్కటీ తెగేది కాదు. "ఈ గోరే నాకు బువ్వ పెడ్తది" అని నవ్వేది.

పెళ్ళయి తొమ్మిదేళ్ళయినా నా కడుపు పండలేదు. ఠాణా పట్నం ఆసుపత్రిలో బయట తయారుచేసి పెట్టిన పిండాలు రెండుసార్లు నిలవలేదు. మూడోసారికి డాక్టరమ్మ, పిండం చుట్టూ ఉన్న పొర మందంగా ఉందనీ, లేజర్ వెలుగుతో అందులో చిన్న సందు చేస్తే పిండం బయటికొచ్చి గర్భంలో అతుక్కోవచ్చనీ చెప్పింది. అదే మా ఆఖరి ప్రయత్నం. సంతకం పెట్టాల్సిన కాగితం నా చేతికిచ్చారు. దూది పొట్టు ఎగిరే షెడ్ల మధ్య బతికేవాళ్ళం. నిప్పురవ్వ అంటే ఏమిటో తెలుసు.

"నా బిడ్డను కాలుస్తరా అవ్వా? దేవుడిచ్చినదాని మీద నిప్పు పెట్టుడు పాపం కాదా?" అని తోడొచ్చిన నర్సవ్వను అడిగాను.

నర్సవ్వ అటు తిరిగింది. వచ్చీరాని హిందీలో, బిడ్డకు దెబ్బ తగుల్తదా అని డాక్టరమ్మనే నిలదీసింది. "బచ్చేకో లగ్తా క్యా?"

డాక్టరమ్మ ఓపికగా కాగితం మీద ఒక గుండ్రం గీసింది. వెలుగు తాకేది లోపలి పిండానికి దూరంగా, పై పొర అంచునేననీ, రెప్పపాటు కూడా పట్టదనీ చూపించింది. నిలుస్తుందని మాత్రం మాట ఇవ్వలేనన్నది.

నర్సవ్వ నా వైపు తిరిగింది. "ఇన్నవా? గంజి గీకుతదట, పోగును ముట్టదట. నా పనే గద! మార్కండేయున్ని ఆయన తల్లిదండ్రులు తపస్సు జేసి అడుక్కున్నరు. నువ్వు ఠాణా బస్సెక్కి అడుగుతున్నవ్. గంతే ఫరక్. పెట్టు దస్కతు."

ఏడుస్తూనే నవ్వాను. సంతకం పెట్టాను.

మరుసటి ఏడు పాప పుట్టింది. బిడ్డను అందించబోతే నర్సవ్వ చేతులు వెనక్కి దాచుకుంది. ఆసుపత్రి ఆయా దగ్గర కత్తెర అడిగి తీసుకుని, ఆ గోటిని మొదలంటా కత్తిరించుకుంది.

"రేపు పనెట్ల అవ్వా?" అన్నాను.

"గోరు మల్ల మొలుస్తది తియ్. ఇటియ్యి నా బంగారాన్ని."

నర్సవ్వ ఇప్పుడు లేదు. రోజూ దీపం పెట్టినప్పుడు డాక్టరమ్మ వెలుగుకూ, నర్సవ్వ గోటికీ కలిపి దండం పెట్టుకుంటాను. మా వాడలో ఏ పిల్లయినా అలాంటి కాగితం పట్టుకుని భయపడితే తోడు వెళతాను. ధైర్యం చెప్పడం నాకు అంతగా రాదు. అందుకే ముందుగా డాక్టరు వైపు తిరిగి, ఆ పిల్ల అడగలేనిది నేనే అడుగుతాను. "బచ్చేకో లగ్తా క్యా?"